రెండో కూత

"ఈసారైనా ఖాయమేనా దివాకర్?"

ఫోన్లో శ్రీరంగప్ప సారు అలా అడిగేసరికి, కంబదూరు ఎస్టీడీ బూత్‌లో నిలబడ్డ దివాకర్‌కు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. పోయినేడు జరిగింది ఆయనింకా మరిచిపోలేదన్నమాట.

కప్పపిట్టల్లో రెండు రకాలు ఆ చుట్టుపక్కల తిరుగుతాయంటారు. రెండూ పగలంతా నేలమీద ఎండుటాకుల్లా పడుండి, పొద్దుగూకాక పురుగుల వేటకు లేస్తాయి. మసక వెలుతురులో రంగూ రూపూ ఒక్కటే. కూతను బట్టే పోల్చుకోవాలి. మొదటిది బండమీద గోలీ జారవిడిచినట్టు టకటకమంటుంది. అరుదుగా కనబడే రెండోది 'చువీక్' అని ఒక్క కూత కూసి ఊరుకుంటుంది. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే దివాకర్, శ్రీరంగప్ప సారు నడిపే పక్షి ప్రేమికుల సభలో మొదటిదాన్ని రెండోదని చెప్పి నవ్వులపాలయ్యాడు. ఆ నవ్వులు తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సయించదు.

అందుకే సెలవుల్లో అక్క యశోదమ్మ ఊరికొచ్చి, వంక అవతలి తంగేడు పొదల్లో రోజూ మునిమాపువేళ టార్చిలైటు, టేపురికార్డరు పట్టుకుని తిరిగాడు. దొరికింది! అతను పొద దగ్గరికి పోగానే 'చువీక్'. వెంటనే ఇంకో పొదలోంచి జవాబు, ఆ వెనక మరోదాంట్లోంచి. లైటు వేస్తే అన్నీ గప్‌చుప్. ఒక్క పిట్టా ఎగరలేదు. చదువుకున్నవాడు కదా, దానికీ కారణం కనిపెట్టుకున్నాడు: బిడియపు జాతి.

"ఖాయం సార్. మీరే వచ్చి వినండి."

ఇంట్లో మాత్రం ఎవరికీ ఈ సంబరం పట్టలేదు. అక్క మొహం ముడుచుకునే ఉంది. మేనకోడలు నందిని రాత్రి అన్నం మానేసింది.

"ఆ పక్కకు పోవద్దప్పా. పాములుండాయి," అంది అక్క.

"బూట్లేసుకుంటాలేక్కా."

"పడమటి బీడులో లేవా పిట్టలు? ఆడికి పోరాదా?"

"ఆడుండేవి మామూలువి. నా పరువు నిలబెట్టే పిట్ట ఈడే ఉండాది."

అక్క తలొంచుకుని లోపలికి పోయింది.

మర్నాడు పొద్దు వాలేవేళకు శ్రీరంగప్ప సారు జీపు దిగాడు. వెనకే ఆరుగురు శిష్యులు, చేతుల్లో టార్చిలైట్లు. దివాకర్ అరుగుమీద టేపు పెట్టాడు.

'చువీక్.'

సారు కళ్లు మూసుకుని విన్నాడు. మళ్లీ వేయించుకుని విన్నాడు.

"రెండోదేనప్పా! అనుమానమే లేదు. ఆ పొద్దు నిన్ను చూసి నవ్వినందుకు మేమే సిగ్గుపడల్ల."

దివాకర్‌కు కళ్లు చెమర్చాయి. ఏడాదిగా మోస్తున్న బరువు దిగిపోయినట్టయింది. తలుపు చాటునుంచి విన్న నందిని మాత్రం ఓణీ చెంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి పరుగెత్తింది.

"పదండి, తలా ఒక పొద దగ్గర నిలబడదాం," అన్నాడు సారు, టార్చి వెలిగించి చూసుకుంటూ.

"దివాకరా! ఒక్కసారి ఇట్ల రా," లోపల్నుంచి అక్క గొంతు.

వెళ్లాడు. ఆమె చేతిలో నీళ్ల చెంబు ఉంది. మొహం కందిపోయి ఉంది.

"ఎట్ల చెప్పల్లో తెలీక ఇన్ని దినాలూ ఊరుకున్నా. ఇంక ఊరుకుంటే ఊళ్లో ఆడోళ్లు నన్ను బతకనియ్యరు."

"ఏమైందక్కా?"

అక్క అతని మొహం చూడలేక గోడవైపు తిరిగింది.

"ఆ పొదల్లోకి మొగోడొస్తే మేం కూసే కూతప్పా అది."