ఎల్స్ లేని ఇఫ్

ఇంటర్వ్యూ మధ్యాహ్నం. ప్రోగ్రామర్ మాత్రం తెల్లారకముందే లేచి, తలకి రంగేసుకుని, పుస్తకం ముందేసుకుని కూర్చున్నాడు.

“ఈ వయసులో ఈ బట్టీ ఏమిటండీ?” అంది భార్య, కాఫీ పెడుతూ.

“ఇంటర్వ్యూలో ఎదురయ్యే ఆ అమ్మాయి ఎక్స్ఎస్ఎల్‌టీ అనే కంప్యూటర్ భాషలో దిట్టట. ఏదైనా అడిగితే నోరెళ్లబెట్టకూడదు కదా!”

“తెలియకపోతే తెలియదనండి. ఇంట్లో అలవాటేగా.”

తీరా ఆ గదిలోకి వెళ్లాక చదివిందంతా ఆవిరైపోయింది. బల్లకి అటువైపు అమ్మాయికి పాతికేళ్లుంటాయేమో. చూపు మాత్రం లెక్కల టీచరమ్మ చూపు. ఏం మాట్లాడాలో తోచక, ఆయన తన ల్యాప్‌టాప్ ఆమె వైపు తిప్పాడు.

“ఈ స్టైల్‌షీటు నేను రాసిందే. రక్తపరీక్ష యంత్రం ఎక్స్ఎంఎల్‌లో పంపే అంకెల్ని, జనం చదువుకునే రిపోర్టుగా మారుస్తుంది. మా ల్యాబ్‌లో వాడుతున్నారు. మొదట ‘ఇలా అయితే’ అనే ఇఫ్‌తో రాసి, ‘కాకపోతే’ అనే ఎల్స్ కోసం ఓ పూటంతా వెతికాను. ఈ భాషలో ఇఫ్‌కి ఎల్సే ఉండదని తర్వాత తెలిసింది. అంతటి మేధావిని!”

ఆమె నవ్వలేదు. చదువుతోంది.

“అందుకని షరతులు వరసగా చూసుకుంటూ పోయే చూజ్ పెట్టారు. హద్దు దాటితే ‘ఎక్కువ’. హద్దుకి దిగువనుంటే ‘తక్కువ’. రెండూ కాకపోతే అదర్‌వైజ్... ‘నార్మల్’. అంతేనా?”

“అంతే.” కాస్త గర్వంగానే అన్నాడు.

“మరి శాంపిల్ పాడైతే అంకె రాదు కదండీ. ఖాళీ అనేది ఎక్కువా కాదు, తక్కువా కాదు.”

ఆయన తెర వైపు వంగి ఆ లైను మళ్లీ చదువుకున్నాడు.

“అంటే, పరీక్షే జరగకపోయినా నార్మలన్నమాట! శాంపిల్ కింద పారబోసినా ఆరోగ్యానికి ఢోకా లేదు!”

నవ్వబోయి, సగంలో ఆగిపోయాడు. మొన్న తమ ల్యాబ్‌లోనే తీయించిన అత్తగారి రిపోర్టులో అన్నీ నార్మలే. ఇల్లంతా ఊపిరి పీల్చుకుంది. ఆవిడ కాళ్ల వాపు మాత్రం తగ్గలేదు. వయసు మీద పడిందిలెమ్మని తనే తేల్చేశాడు.

ఆ అమ్మాయి ఎదురుగానే ల్యాబ్‌కి ఫోన్ చేశాడు.

“ఆవిడ కిడ్నీ పరీక్షాండీ? శాంపిల్ పాడైంది, అంకె రాలేదు,” అంది టెక్నీషియన్. “రిపోర్టులో పడలేదా?”

“పడలేదమ్మా. నేను పడనిస్తేగా! రిపోర్టులన్నీ ఆపేయండి. ఖాళీ వచ్చినవాళ్లందరికీ ఫోన్లు చేసి పిలిపించండి. మా అత్తయ్యని నేనే తీసుకొస్తున్నా.”

ఫోన్ పెట్టేసరికి ఆ అమ్మాయి అన్నిటికంటే పైన ఇంకో షరతు చేర్చేసింది: అంకె ఖాళీ అయితే, ‘పరీక్ష జరగలేదు’.

“అనుభవజ్ఞుణ్ణని చెప్పుకు తిరుగుతున్నానమ్మా,” అన్నాడాయన, కుర్చీలోంచి లేస్తూ. “ఎక్కువ, తక్కువ, నార్మల్... నన్ను ఏ గడిలో వేస్తారో మీ ఇష్టం.”

ఆమె కూడా గబుక్కున లేచి నిలబడింది. బ్యాగు గుండెకి హత్తుకుని, బెరుగ్గా అడిగింది:

“ఇంతకీ ఈ ఉద్యోగం నాకిస్తున్నట్టేనా, సర్?”