అయిదు మైళ్ల తేడా

చక్రాలు నేలను తాకాయి. బాంబర్ విమానం గునుస్తూ వెళ్లి ఆగింది. తెర వెనక, కిటికీ లేని మూలలో పటం మడుస్తున్న ఎమిల్‌కి ముందు నుంచి పైలట్ లోర్న్ గొంతు వినిపించింది.

"ఎమిలూ, ఇది మన మైదానం కాదురా."

ఎమిల్ మడిచిన పటం మళ్లీ విప్పాడు. దారి లెక్కగట్టి చెప్పేది తనే. ఇంగ్లండులోని ఈ యార్క్‌షైర్ పొగమంచులో అయిదు మైళ్ల అవతలి ఇదే మైదానంలో దిగడం ఈ నెలలో నాలుగోసారి.

"జర్మనీలో పిల్లవంతెన కూడా కనిపెడతావు. సొంత కొంప మాత్రం కనిపెట్టలేవు," అన్నాడు తోక దగ్గర తుపాకీ పట్టే డూగల్, దిగుతూ.

"ఈ రేషన్ రోజుల్లో నా వల్ల మీ అందరి గుడ్డూ పోయింది," అన్నాడు ఎమిల్.

"దాడి నుంచి తిరిగొచ్చినవాడికి మనవాళ్లిచ్చేది ఒక్క గుడ్డేగా. దానికోసం ఏడవకు," అని లోర్న్ అతని భుజం తట్టాడు. గోధుమ రైతు కొడుకు. ఇరవై ఎనిమిది దాడులు చేశాడు. మండుతున్న ఇంజనుతో అందరినీ ఇంటికి చేర్చినందుకు రాజుగారి పతకం వచ్చింది. ఎమిల్‌కి అతను దేవుడు.

ఆ దేవుడికే ఇప్పుడు దూరం కావాలి. ఇంకొక్కసారి దారి తప్పితే జట్టులోంచి తీసేస్తానని కమాండర్ పోయిన వారమే చెప్పాడు. ఎమిల్ లెక్క మళ్లీ చూసుకున్నాడు. ఎక్కడా తప్పు లేదు. అదే అతన్ని ఇంకా భయపెట్టింది.

ప్రతిసారీ మిగతావాళ్లు వంటశాలకి వెళ్లేవారు. ఎమిల్ ఫోను దగ్గర నిలబడి కమాండర్ చేత తిట్లు తినేవాడు. ఈసారి లోర్న్ ఫోను లాక్కున్నాడు.

"సార్, వాడు సరిగ్గానే చెప్పాడు. నేనే ఇటు తిప్పాను."

"వాణ్ని వెనకేసుకు రాకు లోర్న్. నీ మంచితనం నాకు తెలుసు." ఫోనులోంచి కమాండర్ కేక గదంతా వినిపించింది.

"మంచితనం కాదు సార్. తప్పు నాదే."

కమాండర్ గొంతు తగ్గింది. "ఇలాంటి పైలట్ దొరకడం వాడి అదృష్టం. సరే, ఉండనీ."

ఎమిల్ కళ్లు తుడుచుకున్నాడు. లోర్న్ ఎందుకో అతని వైపు చూడలేదు. "పోరా, పోయి తిను. ఈ కాగితాలేవో నేను చూసుకుంటాను."

వంటశాలలో డూగల్ తలెత్తకుండా తింటున్నాడు. వంటావిడ హిల్డా ఎమిల్‌ని ఎగాదిగా చూసింది.

"మీ జట్టులో నిన్నొక్కణ్నే ఎప్పుడూ చూడలేదే. లోర్న్ బాబు ఇంకా రాలేదేం? సరే, కూర్చో నాయనా. పై ఊరి నుంచి వచ్చినవాళ్లకి మేం తక్కువ చెయ్యం," అంటూ పళ్లెం తెచ్చి పెట్టింది.

అందులో రెండు గుడ్లున్నాయి.