ఒడ్డు చేరినవాళ్ల మాట

కొత్త వస్తువులు కనిపెట్టి వ్యాపారం పెట్టేవాళ్ల మీద అడవి విద్యాపీఠంలో జరిగే పరిశోధనలన్నీ ఉడుతమ్మే నడిపేది. నీటిపిల్లి చేసిన ఆకుపడవ ఎలా ఉందో కనుక్కురమ్మని మైనాను పంపింది. అడిగిన ప్రతివాళ్లూ భేషన్నారు. వందకు వంద! ఉడుతమ్మ మురిసిపోయి, "ఇక పిల్లల్నీ ఎక్కించండి" అని రేవుకు కబురు పెట్టింది.

"ఇంతకీ ఎవర్ని అడిగావే?" అంది మైనాతో.

"అవతలి ఒడ్డున దిగినవాళ్లనక్కా."

"ఎక్కినవాళ్లంతా దిగారా?"

మైనా బిక్కమొహం వేసింది. "అది చూడమని నువ్వు చెప్పలేదుగా!"

ఉడుతమ్మ రేవుకు పరుగెత్తింది. "ఆపండి! దించండి!"

నీటిపిల్లి నవ్వుతూ పడవను తోసేసింది. "నీ మాట మీదే కదమ్మా ఎక్కించాను!"

పడవలోంచి ఉడుతమ్మ చిన్నకూతురు చెయ్యూపింది. ఉడుతమ్మ, మొట్టమొదటిసారి, ఎక్కినవాళ్లను లెక్కపెట్టడం మొదలుపెట్టింది.