మూడో పేరు

నిన్న సాయంత్రం మాతాపూజ పందిట్లో ఎవరో లైట్లు పగలగొట్టారు. పొద్దున్నే కమిటీ పెద్ద నూకయ్య కాగితం, పెన్ను పట్టుకుని తమ్ముడి కూతురు కళ్యాణి గుమ్మం ముందు నిలబడ్డాడు.

"మన ఖరిదా బస్తీలో ఫోన్లో గేములాడేవోళ్ల పేర్లు రాస్తన్నాను. ఈ ఏడు వోళ్లెవులూ అమ్మోరి ఘటం ఎత్తకూడదు."

పదేళ్లుగా ఘటం ఎత్తుతున్న కళ్యాణికి ఒళ్లు మండింది. "పగలగొట్టినోడు గేమాడతాడని ఎవులు సెప్పినారు పెదనాన్నా?"

"సెప్పాలేటి? ఆ తుపాకులాట ఆడేవోళ్లంతా రౌడీలే. నువ్వూ ఆడతావట?"

"డ్యూటీ దిగొచ్చి గంటసేపు ఆడతాను. నిన్న సాయంత్రం రైల్వే స్టేషన్లో డ్యూటీ మీదున్నాను."

"ఠీక్ హై. అయినా నీ పేరూ ఉంటాది," అన్నాడు హైకోర్టు జడ్జీలా.

కళ్యాణి వెటకారంగా నవ్వింది. "ఏటేటా పూజలో ఓ కథ సెప్తావు కదా. నీ కుర్రతనంలో బజార్లో ఎవుల్దో గొలుసు పోతే, వలసొచ్చిన తెలుగు కుర్రోళ్లంతా దొంగలేనని ఇక్కడి బస్తీ పెద్దలు లిస్టు రాసినారని. దాన్లో నీ పేరు ఎన్నోది?"

"మూడోది!" నూకయ్యకు ఎప్పటిలాగే కోపం పొంగుకొచ్చింది. "ఆ రోజు నేను ఊళ్లోనే లేను! తెలుగోణ్ణని రాసేసినారు, సన్నాసులు!"

కళ్యాణి అతని చేతిలోని కాగితంలోకి తొంగి చూసింది. అప్పటికి రెండు పేర్లున్నాయి.

"అయితే నాది మూడోది రాయి పెదనాన్నా. ఆ నంబరు మనింటిదే."

నూకయ్య మూడు అంకె వేశాడు. పేరు రాయడానికి చెయ్యి రాలేదు.