బియ్యం డబ్బాలో కజ్జికాయ

ఆ ఏడు బాపట్లలో ఇంటింటా చేతులున్న వంటమరలే క్రిస్మస్ పిండివంటలు వండాయి. సలోమి ఇంటి మర మాత్రం, కిందటేడు ప్రభువు దగ్గరకు వెళ్లిన అత్తగారు కరుణమ్మను చూసి నేర్చుకున్నది.

"ఇరవై కజ్జికాయలు చెయ్యమంటే తొలివాయిలో పంతొమ్మిదే వచ్చాయి. నేర్చుకున్నదంతా చెరిపేసి కొత్తగా నేర్పిద్దాం," అన్నాడు భర్త ఇమ్మానుయేలు, గుమ్మానికి నక్షత్రం కడుతూ.

సలోమి గబగబా వెళ్లి బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టింది. వెచ్చగా తగిలింది కజ్జికాయ.

ప్రార్థన కాకుండా ఎవరు ముట్టుకున్నా చేతిమీద కొట్టే కరుణమ్మ, పొయ్యి దగ్గర చెమటోడ్చే కోడలికని ఒకటి అక్కడ దాచేది.

ఇమ్మానుయేలు లోపలికొచ్చి పళ్లెంలోకి చెయ్యి చాచాడు. మర ఛెళ్లున ఒక్కటిచ్చింది.

"ప్రార్థన కాలేదుగా! దాని లెక్క సరిగ్గానే ఉంది," అంది సలోమి, నోటినిండా కజ్జికాయతో.