చెక్కముక్క

మా అమ్మాయి డబ్బా మూతలు కొట్టే ఫ్యాక్టరీకి మేనేజరైంది. రెండు చేతులతో రెండు బటన్లూ నొక్కితేనే మూతలు కొట్టే ప్రెస్సు దిగేలా కొత్త ఏర్పాటు చేయించింది. పనివాళ్లు ఒక బటన్‌ను చెక్కముక్కతో బిగించేసి, ఒంటిచేత్తో కానిచ్చేస్తున్నారు. అది చూసి తను ప్రెస్సే ఆపేసింది.

అమ్మాయికి బుద్ధి చెప్పమని, అక్కడే పనిచేసి రిటైరైన నన్ను పిలిపించారు. ఒళ్లు మండిపోతుంటే వెళ్లాను.

"పని నత్తనడకైపోయింది బాబాయ్!" అన్నాడు మేస్త్రి. "పాత ప్రెస్సుకి చెయ్యి పోకుండా జాలీ తలుపుండేది. అది మూసుకోకుండా చెక్క అడ్డుపెట్టడం నేర్పింది నువ్వేగా! కాస్త చెప్పు నీ కూతురికి."

"నువ్వు చెప్పినా మార్చను నాన్నా," అంది అమ్మాయి.

"నోర్ముయ్!" అని అరిచాను. అందరూ నవ్వారు.

"నవ్వకురా మేస్త్రీ, అన్నది నిన్నే!" చెక్కముక్క పీకి వాడి కాళ్ల దగ్గర విసిరికొట్టాను. ఎప్పుడూ జేబులోనే ఉంచుకునే కుడిచెయ్యి తీసి, వాడి ముఖం ముందు పెట్టాను. "నేర్పాను. ఆ చెక్క జారిన రోజు సంగతి చెప్పానా నీకు?"

ఎవరూ నవ్వలేదు.

ఆ చేతికి మిగిలిన ఒక్క వేలు పట్టుకునే నా బంగారుతల్లి నడక నేర్చింది. ఇవాళ అందరి పది వేళ్లూ కాపాడుతోంది. సంతోషం పట్టలేక మళ్లీ అరిచాను.

"నొక్కండ్రా, రెండు చేతులతో!"