నోటిదాకా వచ్చిన వరస

ఆన్‌లైన్‌లోనూ ఫోన్లలోనూ అందరికీ ఒకటే గొంతు వచ్చాక, అవతలున్నది ఆడో మగో, పెద్దో చిన్నో తెలిసే వీల్లేకుండా పోయింది. తెలుసుకోవాలనుకోవడమే తప్పు. ఎవరినైనా 'మీరు' అనాలి, అంతే. అన్నా, అమ్మా అంటూ వరస కలిపితే లైను దానంతటదే తెగిపోతుంది.

పాముకాటు సహాయకేంద్రానికి ఇంటి నుంచే పనిచేసే అనసూయమ్మ బెండకాయలు తరుగుతూ ఫోనెత్తింది.

"చేలో పాము కరిచింది. చుట్టూ ఎవరూ లేరు. ఊళ్లోకి పరిగెడతా," అంది అందరిదీ అయిన ఆ గొంతు.

"పరిగెత్తకండి. కాలు కదపకుండా కూర్చోండి. అంబులెన్సు బయల్దేరింది."

"మీరు మనిషేనా? మిషనా?"

అవతల లేచిన చప్పుడు, ఆయాసం. 'మీరు' అనడం మరిచి అనసూయమ్మ అరిచేసింది.

"కూర్చో నాన్నా! నేనున్నాగా, కదలమాక!"

లైను తెగింది.

తిరిగి చేసే దారి ఆమెకు లేదు. నొచ్చుకున్నారో ఏమో. కూర్చున్నారా, పరిగెత్తారా? కత్తిపీట పక్కకు నెట్టి ఫోను వంకే చూస్తూ ఉండిపోయింది.

ఎట్టకేలకు మోగింది.

"ఇందాక నాన్నా అన్నది మీరేనా? మళ్లీ మళ్లీ చేసి, ఫోనెత్తిన వాళ్లనల్లా అడుగుతున్నా."

"నేనే. కూర్చునే ఉన్నారా?"

"కదల్లా. భయంగా ఉంది. ఇంకొక్కసారి అట్టా పిలవరా?"

పిలిస్తే మళ్లీ తెగుతుంది. అనసూయమ్మ పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అవతల అంబులెన్సు కూత ఎప్పుడు వినబడుతుందా అని చెవులు రిక్కించింది.